బురుల్చా వదిన గేటు పుస్తకం

కొండల్లో ఉన్న మా సారి-బెల్ ఊరి స్కూలు గేటు దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. లోపలికి వచ్చినవాళ్ల పేరు, తండ్రి పేరు, వచ్చిన పని, వచ్చిన వేళ రాయాలని అట్ట మీద అచ్చువేసి ఉంటుంది. మొదటి ఏడాది పుస్తకం నిండిపోయాక నేనే అడిగి తెచ్చుకుని, నేను పనిచేసే స్కూలు లైబ్రరీ బీరువాలో పెట్టాను. అందులో ఒక పేజీ ఇలా ఉంటుంది:

"ఎనిమిదిన్నర. గడియారం మావగారు. మనవడి టోపీ ఇవ్వడానికి. తొమ్మిదింపావు. ఉరుము బావగారు. ఊరికే. పది గంటలు. పెద్దింటి మావగారు. నేను పని సరిగ్గా చేస్తున్నానో లేదో చూడడానికి. పదిన్నర. మళ్లీ ఉరుము బావగారు. కారణం అడగలేదు."

ఇది పోలీసు రికార్డు. రాసింది సీనియర్ లెఫ్టినెంట్ బురుల్చా, మా స్కూలు పోలీసు. మా పెదనాన్న కొడుకు ఎర్మెక్‌కి భార్య. నాకు వదిన.

మావాళ్లలో కోడలు మెట్టినింటి పెద్ద మగవాళ్ల పేర్లు పలకకూడదు. భర్తకంటే ఒక్క రోజు ముందు పుట్టినవాడైనా, వయసులో చిన్నవాడై వరసకు మావగారైనా సరే, అతనికి తనే ఒక ముద్దుపేరు పెట్టుకుని ఆ పేరుతోనే పిలుచుకోవాలి. ఊళ్లో మొదటి చేతిగడియారం కొన్నాయన గడియారం మావగారు. గుసగుస చెప్పినా కొండ అవతలకు వినిపించేవాడు ఉరుము బావగారు. మామూలు ఇంట్లో ఇలాంటి పేర్లు అయిదో ఆరో సరిపోతాయి. కానీ మా ఊళ్లో ఉన్న రెండు వందల పది గడపల్లో నూట ఎనభై ఒకే వంశంవాళ్లవి. ఆ వంశానికే బురుల్చా వదిన కోడలు. స్కూలు ప్రిన్సిపాలు కూడా ఆవిడకు వరసకు బావగారే. జిల్లా ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి మీ ప్రిన్సిపాల్ పేరేమిటని అడిగితే, బోర్డు మీద రాసి ఉంటుంది, వచ్చినప్పుడు చూసుకోండి అని చెప్పింది.

ఆవిడ పోలీసు ఉద్యోగం పెళ్లికి ముందు నుంచీ ఉంది. కనుమ దాటి నలభై అయిదు కిలోమీటర్లు వెళ్తే వచ్చే జిల్లా కేంద్రంలో, పిల్లల నేరాల విభాగంలో పని. సోమవారం తెల్లవారగానే మినీబస్సెక్కి వెళ్తే శనివారం చీకటి పడ్డాక వచ్చేది. చలికాలం కనుమ మూసుకుపోతే మూడేసి వారాలు రావడానికి వీలుండేది కాదు. కూతురు సెజిమ్ నానమ్మ చేతిలో పెరిగింది. ఒకటో తరగతిలో చేర్పించిన రోజు టీచరు అమ్మ పేరేమిటని అడిగితే ఆ పిల్ల ఏమాత్రం తడుముకోకుండా "ఆదివారం" అని చెప్పింది. ఇంటి బొమ్మ వెయ్యమంటే తాతను, నానమ్మను, నాన్నను, గుర్రాన్ని వేసి, కాగితం చివర ఒక బస్సు వేసి, అది అమ్మ అంది. ఆ బొమ్మ ఇప్పటికీ వదిన టోపీ లోపల మడత పెట్టి ఉంటుంది.

ఆ తరవాతి ఏడు ప్రతి స్కూల్లోనూ ఒక పోలీసు ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రాజధానిలో ఎక్కడో ఏదో జరిగిందట. మా దాకా ఉత్తర్వు వచ్చింది కానీ ఆ జరిగిందేమిటో రాలేదు. ఆరునెలలు చూసి, పని బాగుంటే ఆ పోస్టు ఉంచుతారు, లేదంటే మనిషిని వెనక్కి పిలుస్తారు. సారి-బెల్ స్కూలు కావాలని అడిగింది జిల్లా మొత్తంలో బురుల్చా వదిన ఒక్కతే.

ఆవిడ వచ్చిన వారానికే చిక్కులు మొదలయ్యాయి. పేరు పలకకూడదు సరే, రాయవచ్చా అన్నది మొదటి చిక్కు. దీని మీద మా ఇంట్లోనే మూడు రోజులు వాదన జరిగింది. వదిన మావగారు, పుస్తకంలో పెద్దింటి మావగారు, అంటే మా ఓమురాలి పెదనాన్న, రాయడం పలకడం కిందకు రాదన్నాడు. ఆయన ఊరి వంశవృక్షమంతా నోటికి చెప్పగల మనిషి. ఎవరికి ఎవరు ఏమవుతారో ఆయన తేల్చాక ఇక అప్పీలు లేదు. అయితే ఆయన భార్య కాలీపా పెద్దమ్మ, స్కూల్లో వంటమనిషి, ఆయన మాట ఒప్పుకోలేదు. చెయ్యి నాలుకకు చెల్లెలే కదా అంది. కోడలు అత్తగారి మాటే విన్నది. అందుకే పుస్తకం అలా తయారైంది.

రెండో చిక్కు ఒంటి మీద లోహపు వస్తువు ఉంటే మోగే తలుపు చట్రం. జిల్లావాళ్లు తెచ్చి గేటు మధ్యలో నిలబెట్టిపోయారు. దానికి అటూ ఇటూ గోడ లేదు. పెదనాన్న వెండి బిళ్లల బెల్టు పెట్టుకుని దాటితే అది గోలగోలగా మోగింది. బెల్టు తీసి రమ్మనాలని రూలు. మావగారిని బెల్టు తియ్యమని ఏ కోడలు అడుగుతుంది? వదిన తల వంచుకుని నిలబడింది. పెదనాన్న కాసేపు ఆలోచించి, చట్రాన్ని చుట్టి పక్కనుంచి లోపలికి వచ్చాడు. అప్పటినుంచీ పెద్దవాళ్లందరికీ అదే దారి. ఇప్పుడక్కడ గడ్డి అరిగిపోయి సన్నటి బాట పడింది.

మూడోది, వచ్చినవాళ్లను పోలీసే ప్రిన్సిపాల్ గది దాకా వెంటబెట్టుకుని వెళ్లాలి. వెంటబెట్టుకోవాలంటే ముందు నడవాలి. ముందు నడిస్తే పెద్దవాళ్లకు వెన్ను చూపించినట్టవుతుంది. వదిన వాళ్ల ముందే, వాళ్ల వైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడిచేది. పొడుగాటి వరండా, మధ్యలో మూడు మెట్లు. నెల తిరిగేసరికి ఆవిడ వెనక్కి నడుస్తూ మెట్లెక్కడం నేర్చుకుంది. ఆవిడ బూట్ల చప్పుడు వినగానే పిల్లలు గోడకు అంటుకుని దారి ఇచ్చేవారు.

ఇదంతా చూసి బయటివాళ్లు నవ్వుకోవచ్చు. కానీ మా స్కూలు ఆ ఆరునెలలూ బాగా నడిచింది. అంతకు ముందు ఎద్దులు కూడా క్లాసుల్లోకి వచ్చేవి. తాగిన గొర్రెల కాపరులు చలికి తట్టుకోలేక ఆరో తరగతి గదిలో పడుకునేవాళ్లు. వదిన వచ్చాక ఎద్దు గాని కాపరి గాని గేటు దాటలేదు. పెద్దపిల్లలు చిన్నపిల్లల రొట్టె లాక్కోవడం ఆగింది. ఆవిడ ఎవరినీ కొట్టలేదు, అరవలేదు. తప్పు చేసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, మీ నానమ్మ నీకు ఈ చొక్కా ఎన్ని రోజులు కుట్టిందిరా అని అడిగేది. వాడు ఏడ్చేవాడు. అంతటితో అయిపోయేది.

అదే ఆవిడ కొంప ముంచింది. ప్రతి నెలా జిల్లాకు పంపే కాగితంలో నిఘాలో ఉన్న పిల్లల సంఖ్య అని ఒక గడి ఉంటుంది. మా స్కూలు గడిలో ప్రతి నెలా సున్నా. ఒక్క పిల్లైనా నిఘా జాబితాలో ఉన్న స్కూలుకు పోలీసు తప్పనిసరి అని రూలు. ఎవరూ లేని స్కూలుకు పోలీసు ఎందుకని జిల్లా అడిగింది. ఎందుకు ఎవరూ లేరంటే, పోలీసు ఉంది కాబట్టి లేరని వదిన జవాబు రాసింది. ఆ జవాబుకు జవాబు రాలేదు.

ఈ సంగతి ఊళ్లో తెలిసింది. మర్నాడే ఉరుము బావగారు ఎనిమిదేళ్ల మనవడి చెవి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

"ఇదిగోనమ్మా, వీడు మొన్న మా పొరుగింటి కిటికీ పగలగొట్టాడు. రాసుకో. నీ ఉద్యోగం ఉంటుంది."

ఆయన మెల్లగా చెప్పానని అనుకున్నాడు. పదో తరగతివాళ్లు పరీక్ష రాయడం ఆపి విన్నారు. ఆ సాయంత్రానికి మరో నలుగురు తండ్రులు తమ పిల్లలను తీసుకొచ్చారు. మావాడు ఇంకా పెద్ద వెధవ, మావాణ్ణి రాయి అని పోటీ పడ్డారు. వదిన అందరికీ టీ ఇచ్చి, పిల్లలకు తలా ఒక మిఠాయి పెట్టి పంపించేసింది. ఎదిగే పిల్లవాడి పేరు పోలీసు పుస్తకంలో ఊరికే ఎక్కించనని చెప్పింది. ఆ రాత్రి మా ఇంటికి వచ్చి మా అమ్మ దగ్గర మాత్రం, ఇంకో నెల మాత్రమే ఉంది, పిల్ల ఇప్పుడిప్పుడే నా పక్కలోకి వస్తోంది చిన్నత్తయ్యా, అంది.

తరవాత ఒక ఉత్తరం వచ్చింది. నిఘాలో పిల్లలెవరూ లేరు కాబట్టి పోస్టు ఉండాలా వద్దా అన్నది ఒక పరీక్ష పెట్టి తేలుస్తారట. వచ్చే వారంలో ఏదో ఒకరోజు మామూలు బట్టల్లో ఒక మనిషి పెట్టె పట్టుకుని స్కూల్లోకి చొరబడతాడు. స్కూలు పోలీసు అతన్ని పట్టుకుని, పది నిమిషాల్లోగా అతని అసలు పేరు తన గొంతుతో వాకీటాకీలో చెప్పాలి. రేడియో పుస్తకంలో ఆ పేరు పడితే నెగ్గినట్టు. పడకపోతే పోస్టు పోయినట్టు.

వదినకు ఇది చాలా తేలికనిపించింది. పెట్టె పట్టుకుని వచ్చే కొత్త మనిషి బంధువు కాదు కదా.

గురువారం మంచు పడుతోంది. వచ్చినవాడు లెఫ్టినెంట్ తిలేక్, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. స్కూలుకు దూరంగా మినీబస్సు దిగాడు, ఎవరి కంటా పడకూడదని. మా ఊళ్లో అది అయ్యే పని కాదు. మొదటి ఇంటి ముందే ఒక ముసలమ్మ ఆపి రొట్టె ముక్క నోట్లో పెట్టింది. గడప ముందుకు వచ్చినవాడు రొట్టె రుచి చూడకుండా పోతే ఆ ఇంటికి మంచిది కాదు. రెండో ఇంటివాళ్లు టీ ఇచ్చారు. మూడో ఇంటి దగ్గర ఉరుము బావగారు గుర్రం మీద ఎదురై, ఇంత బరువు మోసుకుంటూ ఎక్కడికయ్యా అని అడిగి, పెట్టె లాక్కుని జీను మీద పెట్టుకున్నాడు. అందులో ఇటుకలూ ఒక అలారం గడియారమూ ఉన్నాయి. రహస్యంగా చొరబడవలసిన మనిషి నోటినిండా రొట్టెతో, వెనక ఏడుగురు పిల్లలూ రెండు కుక్కలూ రాగా, మోగుతున్న పెట్టె ఉన్న గుర్రం పక్కన నడుచుకుంటూ మా గేటుకు వచ్చాడు.

వదిన చూసింది. పెట్టె తెరిపించింది. నలభై సెకన్లలో బేడీలు వేసింది. లైబ్రరీ కిటికీ గేటుకు ఎదురుగానే ఉంటుంది. ఇంత చక్కగా పని జరగడం నేను ఎప్పుడూ చూడలేదు, నేనూ గేటు దగ్గరికి వచ్చేశాను. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, పట్టుకున్నాను, అని చెప్పింది కూడా. ఊరి బయట జీపులో, పరీక్ష పెట్టిన మేజర్ షామ్‌షీ, డ్రైవర్ విక్టర్ కూర్చుని వింటున్నారు. విక్టర్ ఒడిలో రేడియో పుస్తకం ఉంది. ఏది వినిపిస్తే అది రాయడం అతని పని.

ఇక పేరు చెప్పడమే మిగిలింది. సరిగ్గా అప్పుడు గేటు పక్క బల్ల మీద కూర్చున్న ఓమురాలి పెదనాన్న నోరు విప్పాడు.

"ఎవరి అబ్బాయివి నాయనా?"

తిలేక్‌కి ఈ ప్రశ్న ఎదురవుతుందని తెలుసు. దొంగపేరు ఒకటి, దొంగతండ్రి పేరు ఒకటి ఆఫీసులోనే రాసి ఇచ్చారు. అవి చెప్పాడు. పెదనాన్న తల ఊపి, ఆయన తండ్రి ఎవరని అడిగాడు. దొంగతాత పేరు ఎవరూ రాసి ఇవ్వలేదు. మావాళ్లలో పసిపిల్లవాడు కూడా ఏడు తరాల తండ్రుల పేర్లు గడగడా చెప్పాలి. చెప్పలేనివాడు బానిసతో సమానం అంటారు.

పెదనాన్న కోప్పడి ఉంటే కుర్రాడు నిలదొక్కుకునేవాడేమో. ఆయన జాలిపడ్డాడు. అయ్యో, నీకు నేర్పేవాళ్లు లేకపోయారా నాయనా, అని పక్కవాళ్లతో, పాపం ఏ దిక్కూ లేని పిల్లాడులా ఉన్నాడు, కాస్త వేడిగా ఏమైనా పెట్టండి అన్నాడు. తిలేక్ ముఖం ఎర్రబడింది. బేడీలున్న చేతులు గుండె మీద పెట్టుకుని తన అసలు పేరు, ఏడుగురు అసలు తండ్రుల పేర్లు ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

అయిదో పేరు దగ్గర పెదనాన్న లేచి నిలబడ్డాడు. పెదనాన్న అయిదో తండ్రీ ఆయనే.

"బురుల్చా, ఆ బేడీలు తీసెయ్యి తల్లీ. ఈయన నాకు తమ్ముడు. నీకు మావగారు."

వదిన తన జీవితంలో ఎప్పుడైనా తెల్లబోయిందంటే అది అప్పుడే. మావగారికి బేడీలు వేసిన కోడలు మా వంశంలో లేదు. తాళం తీసింది. మూడడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, వంగి దణ్ణం పెట్టింది. ఇరవై నాలుగేళ్ల మావగారు ఏం చెయ్యాలో తోచక, వెయ్యేళ్లు చల్లగా ఉండు తల్లీ అని దీవించాడు. అప్పటికి నాలుగు నిమిషాలైంది.

వాకీటాకీలో మేజర్ గొంతు వినిపించింది. పట్టుకున్నవాడి పేరేమిటని.

వదిన ఇటుకల పెట్టె వైపు చూసి, "పెట్టె మావగారు" అంది.

జీపులోంచి అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. అదే జవాబు మళ్లీ వెళ్లింది. ఇంతలో జీపే వచ్చింది. విక్టర్‌ను బయట జీపులో ఉంచి మేజర్ ఒక్కడే దిగి, చేతిగడియారం చూసుకుంటూ గేటులోకి వచ్చాడు. చట్రం మోగింది. ఆయన అక్కడే ఆగి బెల్టు తీసి, మళ్లీ దాటి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ చట్రం పెట్టినప్పటి నుంచి అలా చేసిన మనిషి ఆయన ఒక్కడే. షామ్‌షీ చెడ్డవాడు కాడు. రూలు ఉన్నచోట రూలు ప్రకారం నడిచే మనిషి, అంతే.

తిలేక్ ముందుకు వచ్చి నా పేరు నేనే చెప్పేస్తానన్నాడు. పట్టుబడినవాడి మాట నమ్మకూడదని రూలు. ప్రిన్సిపాలు తాను చెప్తానన్నాడు. పోలీసు గొంతుతోనే చెప్పాలని రూలు. కాలీపా పెద్దమ్మ గరిటెతో సహా వచ్చి, అది నా కోడలయ్యా, దాని చేత పేరు పలికించి మా పరువు తీస్తావా, నువ్వసలు ఎవరి బిడ్డవి అని నిలదీసింది. ఆ మాట రాగానే పెదనాన్న అందుకున్నాడు. డ్యూటీలో ఉన్నానని మేజర్ తప్పించుకోబోయాడు.

"డ్యూటీకి తండ్రి ఉండడు నాయనా. నీకు ఉంటాడు. లేక నీక్కూడా ఎవరూ నేర్పలేదా?"

జాలి మళ్లీ పనిచేసింది. మేజర్ నిటారుగా నిలబడి, కవాతులో నంబర్లు చెప్పినట్టు ఏడు పేర్లు చెప్పాడు. ఆరో పేరు దగ్గర మా వంశంలో కలిశాడు. అంటే ఒక తరం కింద. ముప్పై మూడేళ్లవాడు, ఎర్మెక్ అన్నయ్య కంటే మూడేళ్లు చిన్న. వదినకు మరిది. అంతేకాదు, ఇంతసేపూ తాను పురమాయిస్తున్న కుర్ర లెఫ్టినెంట్ తనకు చిన్నాన్న. ఆ సంగతి తెలిసిన క్షణంలో మేజర్ తెలియకుండానే తిలేక్‌కి దారి ఇచ్చి పక్కకు జరిగాడు. తిలేక్ కూడా తెలియకుండానే అతనికి సెల్యూట్ చేశాడు.

ఇక మరిదే కదా, వదిన ఉద్యోగం మరిది తీస్తాడా అని ఊరంతా ఊపిరి పీల్చుకుంది. మేజర్ తల అడ్డంగా ఊపాడు.

"వదినా, మరిదినని తెలిశాక అసలు వదలకూడదు. బంధువని చూసీ చూడనట్టు పోయాడంటారు. ఇంకా రెండు నిమిషాలుంది. పేరు చెప్పండి, నేను సంతకం పెడతాను. చెప్పకపోతే సోమవారం జిల్లాలో కలుద్దాం."

సోమవారం అన్న మాట ఆయన మామూలుగానే అన్నాడు. వదిన మాత్రం రెండో తరగతి కిటికీ వైపు చూసింది. అద్దానికి ముక్కు అణిచిపెట్టి సెజిమ్ చూస్తోంది. వదిన టోపీ తీసి, లోపలి మడత కాగితాన్ని వేలితో తడిమి, మళ్లీ పెట్టుకుంది. వాకీటాకీ పైకెత్తింది. కాలీపా పెద్దమ్మ కళ్లు మూసుకుంది.

అప్పుడు ఓమురాలి పెదనాన్న నేను ఎన్నడూ ఊహించని పని చేశాడు. కర్ర మంచులో గుచ్చి, అందరూ చెవులు మూసుకోండర్రా, అన్నాడు. ఎవరూ వినని మాట అన్నట్టు కాదని ఆయన తేల్చాడు. ఇక అప్పీలు లేదు.

ఊరు చెవులు మూసుకుంది. గేటు దగ్గరున్న పాతికమంది, ప్రిన్సిపాలు, టీచర్లు, కిటికీల్లోంచి చూస్తున్న నూట నలభై మంది పిల్లలు, గరిటె చంకలో పెట్టుకుని కాలీపా పెద్దమ్మ. ఉరుము బావగారు ముందు గుర్రం చెవులు మూశాడు. మరి తన చెవులెవరు మూస్తారని అరుస్తుంటే గడియారం మావగారి భార్య వెనకనుంచి వచ్చి మూసింది. ఆవిడ చెవులు ఆవిడ కోడలు. పెట్టె మావగారూ మూసుకున్నాడు. వంశంలో పెద్దాయన చెప్పాక మేజర్ షామ్‌షీ చేతులు కూడా వాటంతటవే లేచాయి. చెవులు మూసుకున్నాక ఆయన ముఖంలో ఏదో పొరపాటు జరిగిందన్న అనుమానం కనిపించింది గానీ చేతులు మాత్రం దించలేదు. నేనూ మూసుకున్నాను.

వదిన పెదవులు కదిలాయి. ఒక్క చిన్న మాట. తరవాత వాకీటాకీ దించి ఏదో అంది. అయిపోయిందనే అయి ఉంటుంది. అది కూడా ఎవరికీ వినపడలేదు. మంచులో అందరం అలాగే నిలబడ్డాం. ముందు పెద్దాయన చేతులు దించాలి కదా, ఆయన దించడం లేదు. కోడలు మావగారిని ముట్టుకుని చెప్పకూడదు. మూడు నిమిషాలు గడిచాక బడి గంట మోగే వేళైంది, గంట కొట్టేవాడి చేతులు చెవుల మీదున్నాయి. చివరికి వంటగదిలో సూపు మాడిన వాసన వచ్చి కాలీపా పెద్దమ్మ కదిలితే, ఆవిణ్ణి చూసి ఒక్కొక్కరం కదిలాం.

మేజర్ జీపు దగ్గరికి వెళ్లి రేడియోలో పేరు పడిందా అని అడిగాడు. పడింది అన్నాడు విక్టర్, మాకెవరికీ ఏమీ కాని మనిషి. వేళకే పడిందా? పడింది, ఒక నిమిషం మిగిలి ఉండగా. మేజర్ తన కాగితంలో అవును అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు. పేరు చదవలేదు, ఆయనకు తెలిసిన మనిషి పేరే కదా. తరవాత బంధువుల్ని టీ అయినా ఇవ్వకుండా పంపరు కాబట్టి, వంటగదిలో పెద్ద బల్ల వేశారు. తలుపుకు ఎదురుగా గౌరవస్థానంలో తిలేక్‌ను కూర్చోబెట్టారు, తలుపు దగ్గర మేజర్‌ను. వేయించిన పిండి ముక్కలు, వెన్న, మాడిన సూపు. సాయంత్రం దాకా సాగింది.

మూడు వారాల తరవాత జిల్లా నుంచి కాగితం వచ్చింది. వదిన గేటు దగ్గరే విప్పి చదివి, నేరుగా లైబ్రరీలోకి వచ్చి నా బల్ల మీద పెట్టింది.

సారి-బెల్ స్కూల్లో పెట్టెతో అక్రమంగా చొరబడుతూ పట్టుబడిన వ్యక్తి: సెజిమ్, ఎర్మెక్ కూతురు, రెండో తరగతి, వయసు ఎనిమిది. రేడియో పుస్తకంలో పేరు ఒక్కటే ఉందట. ఆ పేరుగల మనిషి మా స్కూల్లో ఒక్కతే కాబట్టి తక్కిన వివరాలు ఆఫీసు గుమాస్తా స్కూలు జాబితా చూసి నింపింది. మైనర్ కాబట్టి శిక్ష లేదు, నిఘా జాబితాలో చేర్చారు. నిఘాలో ఒక పిల్ల ఉంది కాబట్టి రూలు ప్రకారం సారి-బెల్ స్కూలుకు పోలీసు పోస్టు శాశ్వతం చేశారు.

నేను రెండుసార్లు చదివాను. ఆ పేరెందుకు చెప్పావని అడిగాను.

"పెట్టె మావగారి పేరే చెప్పాలని నోరు తెరిచాను పిల్లా, ఒట్టు. తెరిచాక ఇది వచ్చింది."

తప్పు దిద్దమని వదిన ఆ రోజే ఉత్తరం రాసింది. ఎంతైనా ఆవిడ పోలీసు. పేరు తీసెయ్యాలంటే ఒక పద్ధతి ఉందని జవాబు వచ్చింది: స్కూలు పోలీసు ఏడాదిపాటు ఆ పిల్లను దగ్గరుండి గమనించాలి, ఏడాది చివర నడవడిక పూర్తిగా మారిందో లేదో ఉన్నదున్నట్టు రాయాలి. మారితే పేరు తీసేస్తారు, పోస్టు సంగతి మళ్లీ ఆలోచిస్తారు. ఇంట్లో ఈ ఉత్తరం చదివి వినిపిస్తే సెజిమ్ పడిపడి నవ్వింది. మర్నాడు స్కూల్లో తను జాబితాలో ఉన్నానని అందరికీ చెప్పుకుంది. ఉరుము బావగారి మనవడు రెండు రోజులు అన్నం మానేశాడు, తనను రాయలేదని.

ఇది జరిగి అయిదేళ్లయింది. సెజిమ్‌కి పదమూడేళ్లు, తల్లి భుజం దాకా ఎదిగింది. వదిన ఇప్పుడు కెప్టెన్. గేటు పుస్తకంలో పెట్టె మావగారి పేరు ఏటా నాలుగైదుసార్లు కనిపిస్తుంది. సెలవుల్లో వస్తాడు, కోడలికి దీవెనలిచ్చి పోతాడు. డిసెంబరు చివర వదిన లైబ్రరీలో కూర్చుని, అబద్ధం రాయడం ఆవిడకు చేతకాదు కాబట్టి చాలాసేపు ఆలోచించి మరీ నివేదిక రాస్తుంది. మొన్నటిది నేనే టైపు చేసి పంపాను:

"పై వ్యక్తిని ఏడాది పొడుగునా దగ్గరుండి గమనించాను. పాలు మొత్తం తాగదు. చలిలో టోపీ పెట్టుకోదు. పడుకోమంటే దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని చదువుతుంది. ఈ విషయాల్లో నడవడిక పూర్తిగా మారిందని చెప్పలేను. ఇంకా నిఘా అవసరం."